ఐదువందల పన్నెండు బైట్లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్ నెలలో, ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరాను. సొంతూరు తెనాలి, కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. నాకు అప్పగించిన మొదటి పని ల్యాబ్ డేటాబేస్‌ను కొత్త డిస్కుల మీదికి తరలించడం.

తరలించిన మర్నాడే రక్తనమూనాల కౌంటరు నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడ ఉండేది యాదమ్మగారు. నల్గొండ జిల్లా మనిషి, పదిహేనేళ్లుగా అదే కుర్చీ. ఒక్కో పేరు సేవ్ కావడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతోందన్నారు. నా నివేదికల్లో ప్రాసెసర్, మెమరీ తీరుబడిగానే ఉన్నాయి. బార్‌కోడ్ స్కానరు మార్పించి ఊరుకున్నాను.

మూడోరోజు పొద్దున, షుగరు పరీక్షకు పరగడుపున వచ్చిన ఒక పెద్దాయన మెల్లగా కదులుతున్న వరుసలో కళ్లు తిరిగి కూలబడ్డారు. యాదమ్మగారు నర్సును పిలిచి, ముందుగా ఆయన నమూనా తీయించి, గ్లూకోజు తాగించారు. ఆయన తేరుకున్నాక నాకు ఫోన్ చేసి కిందికి రమ్మన్నారు. గొంతులో కోపం లేదు. పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టారు.

"మేడం, హెల్త్ క్యాంపుల రాసుకొచ్చిన రెండొందల పేర్లు ఒక్కపారి ఎక్కిస్తే జల్ది ఐతుంది. ఈడ ఒక్కొక్కటి సేవ్ కొడితేనే ఆగుతది. ఎందుకట్ల?"

ఆ ప్రశ్నలోనే నాకు జవాబు దొరికింది. డేటాబేస్ ప్రతి సేవ్‌నూ ముందు లావాదేవీల లాగ్ అనే ఫైలులో రాస్తుంది. కరెంటు పోయినా నమోదు పోనిది అందుకే. ఆ లాగ్‌ను రాసే అతి చిన్న ముక్క పేరు బ్లాకు. పాత సర్వరులో ఉన్నట్టే నేను దాన్ని 512 బైట్లుగా ఉంచాను. కొత్త డిస్కులు 4096 బైట్ల లెక్కన రాస్తాయి. అంత చిన్న బ్లాకు పంపితే డిస్కు పెద్ద ముక్కను చదివి, కొంత మార్చి, తిరిగి రాయాల్సి వస్తుంది. పేర్లన్నీ ఒకేసారి ఎక్కిస్తే లాగ్ పెద్ద ముక్కలుగా వరుసగా డిస్కు మీదికి పోతుంది కాబట్టి ఆ భారం పైకి కనిపించదు.

తప్పు నాదేనని ఐటీ మేనేజరుకు రాసిచ్చి, మార్పుకు అనుమతి తీసుకున్నాను. ఉన్న లాగ్‌కు బ్లాకు కొలత మార్చడం కుదరదు. 4096తో కొత్త ఫైళ్లు చేర్చి, పాతవాటి వాడకం ముగిశాక ఒక్కొక్కటిగా తీసేయాలి. మధ్యాహ్నం కౌంటరు ఖాళీగా ఉన్న గంటలో ఆ పని పూర్తిచేశాను. దీనివల్ల ఇబ్బందీ ఉంది. చిన్న సేవ్ కూడా పూర్తి బ్లాకును ఆక్రమిస్తుంది, లాగ్ త్వరగా నిండుతుంది. అందుకని ఫైళ్లను పెద్దవి చేశాను.

మర్నాడు ఏడింటికే వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. యాదమ్మగారు వరుసగా నాలుగు పేర్లు కొట్టి, ఇప్పుడు మంచిగుందన్నారు. స్కానరు మీద నెపం వేసినందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

"గా స్కానరు గూడ పాతదే ఉండె మేడం. మారింది, మంచిదే ఐంది" అని చాయ్ తెప్పించారు.

ఆ తరువాత డిస్కు ఎన్ని బైట్ల లెక్కన రాస్తుందో చూడకుండా నేను ఏ లాగ్ ఫైలూ సృష్టించలేదు. ఫిర్యాదు వచ్చినప్పుడు నివేదికలు తెరిచే ముందు, ఫిర్యాదు చేసినవారి పక్కన ఒక గంట కూర్చోవడం పనిలో భాగంగా పెట్టుకున్నాను.