నేలచూపుల మేస్త్రి

నేలచూపుల మేస్త్రి మనుషుల ముఖాలు చూడడు, కాళ్లు చూస్తాడు. పొగరు వల్ల కాదు, సిగ్గు వల్ల అంతకన్నా కాదు. నలభై రెండేళ్లుగా చెప్పులూ బూట్లూ కుట్టీ కుట్టీ ఆయన మెడ వంగడం నేర్చుకుంది గానీ లేవడం మరిచిపోయింది. వీధిలో ఎవరు ఎదురైనా ఆయన పలకరింపు చీలమండ దగ్గర మొదలై మోకాలు దాటకుండానే ముగుస్తుంది.

"ఏం నాయనా, కుడి మడమ బయటివైపు తెగ అరుగుతోంది. నడుము నొప్పిగానీ ఉందా?"

"ఉందండీ. మీకెలా తెలుసు?" అంటాడు అవతలి మనిషి నడుము పట్టుకుని.

అప్పుడు మేస్త్రి తన జీవితం మొత్తం మీద కనిపెట్టిన ఒకే ఒక్క సత్యాన్ని బయటపెడతాడు. "ముఖం అబద్ధమాడుతుంది నాయనా. కాలు ఆడదు."

ఆయన ఇంటికి పద్దెనిమిదేళ్లుగా ఉత్తరాలు తెచ్చే పోస్టుమాను ఒక వానరోజు తన బూట్లు తడిసిపోయాయని తమ్ముడి బూట్లు వేసుకొచ్చాడు. మేస్త్రి కవరు అందుకుని ఆ బూట్లను ఎగాదిగా చూశాడు. "కొత్తగా వచ్చావా బాబూ? పాతాయన బదిలీ అయిపోయాడా పాపం. మంచి మనిషి. కాస్త చదునుపాదం, అంతే." పోస్టుమాను ఆ మెప్పుకు సంతోషించాలో, తన ఉద్యోగం సంగతి ఆరా తీయాలో తేల్చుకోలేక సాయంత్రం దాకా సతమతమయ్యాడు.

సొంత కొడుకుకే దిక్కులేదు. అతను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఒకసారి పై అధికారి ఎవరో మెచ్చుకున్నాడని బజార్లో కొత్త బూట్లు కొని వేసుకొస్తే, మేస్త్రి గుమ్మంలోనే ఆపాడు. "ఎవరు కావాలండీ?"

"నేను నాన్నా."

"మా అబ్బాయా? మా అబ్బాయి బూట్లు నేనే కుడతానండీ. మీరు ఇల్లు పొరబడ్డట్టున్నారు."

కొడుకు ఆ బూట్లు విప్పి చేత పట్టుకుని, వట్టి కాళ్లతో లోపలికి నడిచాక గానీ ఆ ఇంట్లో అతనికి అన్నం దొరకలేదు.

కొడుకు పెళ్లి ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే మేస్త్రి నడినెత్తి మాత్రమే కనిపిస్తుంది. "కాస్త పైకి చూడండి సార్" అని ఫొటోగ్రాఫర్ మూడుసార్లు బతిమాలాడట. మూడోసారి మేస్త్రి, "చూస్తానుగానీ నీ ఎడమ బూటు కుట్టు ఊడింది, ఫొటో అయ్యాక ఇటు రా" అన్నాడట. అందుకే ఆ ఇంటి కోడలికి ఒక గట్టి నమ్మకం ఏర్పడింది. రెండేళ్లయినా మామగారికి తన ముఖం తెలియదని.

"మీ నాన్నగారికి నా ఫొటో చూపించి ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు" అని ఆమె మొగుడితో అనేది.

"కాలి ఫొటో చూపించు. పుట్టినరోజుతో సహా చెబుతాడు" అనేవాడు మొగుడు.

కోడలు బస్టాండులో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేసేది. రోజంతా కిటికీలోంచి వచ్చిపోయే ముఖాలే ఆమె చూసేది. కాళ్లు ఎవరివీ చూడలేదు. అలాంటి మనిషి వచ్చి ఇలాంటి ఇంట్లో పడింది. ఆమెకు నెల తప్పిన సంగతి అత్తగారు భోజనాల దగ్గర అందరిముందూ చెప్పింది. మేస్త్రి తలాడించాడు. రెండు నెలల తర్వాత భార్యను దుకాణంలోకి పిలిచి గుట్టుగా అన్నాడు. "ఒసే, అమ్మాయి ఈమధ్య వెనక్కి వాలి నడుస్తోంది. బరువంతా మడమల మీదే పడుతోంది. నాకేదో విశేషమనిపిస్తోంది."

"విశేషమేనండీ. మీకు చెప్పి రెండు నెలలైంది" అంది అత్తగారు. "నా ముఖం చూసి తలాడించారు కూడా. అదే, నా కాళ్లు చూసి."

ఆరో నెల నిండుతుండగా కోడలికి ఒక ఉదయం గండం వచ్చిపడింది. మేస్త్రి పెళ్లప్పుడు కుట్టిచ్చిన గోధుమరంగు చెప్పులు కాళ్లకు పట్టలేదు. మామూలుగా అయితే ఇదంత పెద్ద సంగతి కాదు. కానీ అప్పటికే బట్టలు పట్టడం మానేశాయి, ఉంగరం సబ్బు రాస్తేగానీ రాలేదు, కౌంటర్ కుర్చీ చేతులు ఇరుకయ్యాయి. పైగా వాళ్లక్క ఫోనులో చెప్పిన మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. "చూస్తుండు, నీ కాళ్లు రోకళ్లవుతాయి. చివరి రెండు నెలలూ నాకు మా ఆయన చెప్పులే గతి."

కోడలు మంచం అంచున కూర్చుని ఏడ్చింది. "నాదంటూ నాకు పట్టేది ఒక్కటీ మిగల్లేదు అత్తయ్యా" అంది. అత్తగారు ఆమె ముఖం తుడిచింది. ముందు గదిలోనే మేస్త్రి దుకాణం. మధ్యలో ఉన్నది తలుపు కూడా కాదు, ఒక పాత దుప్పటి. దాని కింద జానెడు సందు. ఆ సందులోంచి ఆయనకు ముఖాలు కనిపించవు గనుక ఏడుపు కనిపించలేదు. ముడుచుకున్న పది కాలివేళ్లు మాత్రం కనిపించాయి.

మర్నాడు పొద్దున చెప్పులు సుఖంగా పట్టాయి.

"తేమకు తోలు బిగుసుకుందమ్మా. కాస్త నూనె పెట్టాను" అన్నాడు మేస్త్రి నేలతో మాట్లాడుతున్నట్టు.

ఆరోజు నుంచి కోడలి కాళ్లు నేల మీద నిలవలేదు. కడుపు పెరిగింది, నిద్ర తగ్గింది, గుండెల్లో మంట వచ్చింది, కానీ చెప్పులు మాత్రం ఎప్పటిలాగే పట్టాయి. అక్కకు రోజూ ఫోను. "నీ కాళ్లు రోకళ్లయ్యాయేమో గానీ నావి అలాగే ఉన్నాయే. పెళ్లినాటి చెప్పులే వేసుకుంటున్నాను." అక్క పళ్లు కొరికిన చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించేది.

ఏడో నెల దాటాక సెలవు పెట్టి ఆమె ఇంట్లో కూర్చుంది. అప్పుడు మేస్త్రి ఆమె సౌకర్యాల మీద పడ్డాడు. కూర్చుంటే కాళ్లు వేలాడుతున్నాయని తోలు ముక్కలు పేర్చి కాళ్లపీట చేశాడు. అది రెండంగుళాలు ఎత్తయిందని సాయంత్రానికి కోశాడు. ఎడమవైపు తిరిగి పడుకోమని డాక్టరమ్మ చెప్పిందని తెలిసి, మోకాళ్ల మధ్య పెట్టుకోవడానికి ఒక దిండు కుట్టాడు. బూటుకు కుట్టినట్టే రెండు వరసల కుట్టు వేశాడు, తోలుతో.

"ఎలా ఉందమ్మా?" అని ఆమె కాళ్లను అడిగాడు.

"మెత్తగానే ఉంది మామయ్యా. కాకపోతే పక్కన గేదె పడుకున్నట్టుంది."

మేస్త్రి ఆలోచించి దానికి పాత నూలు దుప్పటితో తొడుగు వేశాడు. అప్పుడు దుప్పటి కప్పుకున్న గేదెలా ఉంది. అయినా ఆమెకు నడుము నొప్పి తగ్గిన మాట నిజం.

ఇదిలా ఉండగా అత్తగారికి ఒక కొత్త దిగులు పట్టుకుంది. ఒక మధ్యాహ్నం దుప్పటి పక్కకు తీసి చూస్తే, మేస్త్రి ఆడవాళ్ల చెప్పుల్లో తన పాదాలు సగం దూర్చి, మడమలు బయటికి వేలాడుతుండగా, దుకాణంలో గుండ్రంగా నడుస్తున్నాడు. ఆమె చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి కోడలి పక్కన కూలబడింది.

"మీ మామగారికి మతి జారుతోందే."

"ఇప్పుడు కొత్తగా ఏం జారింది అత్తయ్యా?" అంది కోడలు.

ఎనిమిదో నెలలో ఒక మంగళవారం. ఆస్పత్రి నుంచి నర్సు వారం వారం ఫోను చేసి బాగోగులు అడిగేది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. కోడలు పీట మీద కాళ్లు చాపుకుని, ఫోను స్పీకర్లో పెట్టింది.

"బిడ్డ కదులుతోందా అమ్మా?"

"కదలడమేంటండీ, లోపల సామాన్లు సర్దుతున్నట్టుంది."

"కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటున్నారా? ఎడమవైపు పడుకుంటున్నారా?"

"ఆ, గేదెతో సహా."

నర్సుకు అర్థం కాలేదు, అయినా రాసుకుంది. "కాళ్ల వాపు ఎలా ఉంది? చెప్పులు గానీ బిగుతయ్యాయా?"

కోడలు ఈ ప్రశ్న కోసమే వారమంతా ఎదురుచూస్తుంది. "లేదండీ. నాకు అలాంటివేం లేవు. పెళ్లినాటి చెప్పులే, ఈ క్షణం కాళ్లకే ఉన్నాయి."

"మంచిది. అయితే ఇక మీ పరీక్షకు..."

"అమ్మా, ఫోను పెట్టేయకు."

దుప్పటి పక్కకు తొలగింది. మేస్త్రి ఒక చేత్తో తోలు కుట్టే ఆరె, మరో చేత్తో గోధుమరంగు చెప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అచ్చం కోడలి కాళ్లకున్న చెప్పులాంటిదే. ఎడమ పట్టీ మీద గీతతో సహా.

"అవి పెళ్లినాటివి కావమ్మా" అన్నాడు. "నాలుగో జత. పొద్దున్నే మార్చాను. నువ్వు ఆరోజు ఏడ్చావని మొదలుపెట్టాను. పట్టీ గీత నీ కాలి మీద కాస్త లోతుగా పడగానే అర నంబరు పెంచి కుట్టేవాణ్ని. పాతవిలా కనిపించాలని గీతలు గీసి, నేనే తొడుక్కుని నడిచి నలగ్గొట్టేవాణ్ని."

తలుపు దగ్గర నిలబడ్డ అత్తగారు, "అదా సంగతి" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

కోడలు తన కాళ్ల వైపు చూసుకుంది. అక్కతో చేసిన రెండు నెలల గొప్పలు ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది. "మరి ఇవాళే ఎందుకు చెబుతున్నారు మామయ్యా?"

"మొదట అర నంబరుకు నెల పట్టింది. తర్వాత మూడు వారాలు. ఈసారి ఐదు రోజుల్లో ఒకటిన్నర పెరిగింది తల్లీ. నిన్నటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. కాలు అబద్ధమాడదని ఊరంతా చెప్పుకు తిరిగాను. నీ కాళ్లు నిజమే చెప్పాయి. నా చెప్పులే అబద్ధమాడాయి." అప్పుడొక వింత జరిగింది. నేలచూపుల మేస్త్రి మెడ పైకెత్తి కోడలి ముఖంలోకి తిన్నగా చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ కళ్లు తేనెరంగులో ఉంటాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

"కళ్ల కింద కూడా ఉబ్బింది. తలనొప్పి ఉందా?"

"పొద్దుట్నుంచీ ఉంది. మీ సుత్తి చప్పుడు వల్లేమో అనుకున్నాను."

"నేనివాళ సుత్తి ముట్టుకోలేదమ్మా. దారం పనే చేశాను."

ఫోనులో నర్సు గొంతు మారిపోయింది. "ఇంకేం ఆలోచించకండి. ఉన్నపళంగా బయల్దేరి రండి. ఆ చెప్పులాయన్ని కూడా తీసుకురండి."

ఆస్పత్రిలో రక్తపోటు చూస్తే ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువుంది. వెంటనే మంచం ఇచ్చారు, మందులిచ్చారు, పరీక్షలు చేశారు. మేస్త్రి సంచీలోంచి నాలుగు జతలూ తీసి డాక్టరమ్మ బల్ల మీద వరసగా పేర్చాడు. ప్రతి జత లోపలివైపు సుద్దతో తేదీ రాసి ఉంది. డాక్టరమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసింది.

"వాపు చాలామందికి వస్తుంది, దానికి భయపడక్కర్లేదు" అంది. "ఇలా ఉన్నట్టుండి పెరిగి, తలనొప్పి కూడా తోడైతే మాత్రం ఆగకూడదు. తొమ్మిది రోజులు ఆగుంటే తల్లికీ బిడ్డకీ ప్రమాదమయ్యేది. వేళకు తెచ్చారు. దాచినందుకు మిమ్మల్ని తిట్టాలి, చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఏది ముందు?"

"తిట్లే ముందు కానివ్వండి డాక్టరమ్మా" అన్నాడు మేస్త్రి ఆమె బూట్ల వంక చూస్తూ. తిట్లు పూర్తిగా విన్నాక, "మీకు కుడికాలి చిటికెన వేలు ఒరుసుకుంటోంది" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపారు. కోడలు మామగారితో మాట్లాడనని పంతం పట్టింది గానీ అది ఒక పూట కూడా నిలవలేదు. మూడోపూటకు తనే అక్కకు ఫోను చేసి ఒప్పుకుంది. "నావీ రోకళ్లేనే. కాకపోతే నా రోకళ్లకు దర్జీ ఉన్నాడు." అక్క పగలబడి నవ్వింది. ఆ తర్వాత, "మీ మామగారు నాకు కూడా ఒక జత కుడతారేమో అడుగు" అంది. రోజు విడిచి రోజు రక్తపోటు చూపించుకుంటూ, గేదె దిండును కౌగిలించుకుంటూ కోడలు మూడు వారాలు నెట్టుకొచ్చింది. డాక్టరమ్మ చెప్పిన రోజునే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం.

మర్నాడు పొద్దున మేస్త్రి చూడ్డానికి వచ్చాడు. వార్డులో ఆరు మంచాలు. ఆరుగురూ మెడ దాకా తెల్ల దుప్పట్లు కప్పుకుని ఉన్నారు, ఒక్క కాలు బయట లేదు. గుమ్మంలో ఆయన ఆగిపోవడం చూసి కోడలికి జాలేసింది. పాపం, ఎలా పోల్చుకుంటాడు అనుకుని దుప్పటి కింది నుంచి తన కుడి పాదం మెల్లగా బయటికి చాపింది.

మేస్త్రి తిన్నగా ఆమె మంచం దగ్గరికి వచ్చి ఆ పాదం మీద దుప్పటి కప్పేశాడు.

"లోపల పెట్టుకో అమ్మా, చలేస్తుంది. నీ ముఖం నాకు గుర్తుంది."

తర్వాత వంగి మంచం కింద నాలుగు జతల చెప్పులు పెద్దవి ముందు, చిన్నవి వెనక పెట్టాడు. "ఏ రోజు కాలికి ఏది పడితే అది వేసుకో. ఈసారి నంబర్లు పైకే రాశాను" అని, ఉయ్యాలలో ఉన్న మనవరాలి వైపు తిరిగి, ముందుగా పాప కాళ్ల గుడ్డ విప్పాడు.