ఎగువ నావైపు ఉండాలి

ఇప్పుడు నా పక్కన కాళ్లు బారజాపుకుని నిద్రపోతున్న పాప అప్పుడు ఇంకా పాకుతోంది. అమలాపురంలో ఒక మ్యాపుల ప్రాజెక్టులో చేరాను. ఉపగ్రహం తీసిన బొమ్మ మీద మట్టి పరీక్షలు, పంటకాలువలు, మురుగు కాలువలు పొరలు పొరలుగా పేర్చి, ఏ సర్వే నంబరు నేల వరికి పనికొస్తుందో కంప్యూటరులో రంగులు వెయ్యడం మా పని. ఆకుపచ్చ అయితే మంచి నేల, పసుపు అయితే కొంచెం ఇబ్బంది, ఎరుపు అయితే వద్దు. రాజోలు వైపు నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. పాప పాలు తాగిందో లేదోనన్న బెంగతో మధ్యాహ్నం బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే, అత్తయ్యగారు నేను నోరు తెరవకముందే "తాగిందమ్మా" అని పెట్టేసేవారు.

ఆ ఏడాది దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక ఇంట్లో ఒకటే చర్చ. మురుగు కాలువ పక్కనున్న మా చేలో పంట సరిగ్గా రావడం లేదు. నేల మీద తెల్లగా ఉప్పు తేలుతోంది. రొయ్యల చెరువులు తవ్వేవాళ్లు వచ్చి చేను లీజుకి అడిగారు. మావారికి బడి తప్ప పొలం సంగతి పట్టదు. మావయ్యగారు సగం ఒప్పుకున్నట్టే. అత్తయ్యగారు ససేమిరా అన్నారు. గట్టు దాటితే ఆవిడ కొబ్బరితోట. పక్కన ఉప్పునీళ్ల చెరువు తవ్వితే చెట్లు బతకవని ఆవిడ భయం.

"నీ కొబ్బరికాయల కోసం చేను బీడు పెట్టుకోమంటావా?" అన్నారు మావయ్యగారు కాఫీ తాగుతూ.

"నీచు వాసనొస్తే వీధరుగు మీదకి పోయే మనిషి, ఈయనకి రొయ్యలు కావాలంట" అన్నారు అత్తయ్యగారు, నాతో చెబుతున్నట్టు.

మావయ్యగారు నావైపు తిరిగారు. "అమ్మాయ్, మీ రంగుల్లో మన చేను ఏ రంగో చూసి చెప్పమ్మా. ఎరుపైతే ఇచ్చేస్తాను. శుక్రవారం వస్తామన్నారు వాళ్లు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

ఆఫీసులో మా సర్వే నంబరు కొట్టి చూశాను. ఎరుపు. ఆ ఒక్క మాట ఇంటికి పట్టుకెళ్తే చేను చెరువైపోతుంది, తోట కూడా పోతుంది. అలాగని అబద్ధం చెప్పలేను. ఎందుకు ఎరుపో చూద్దామని పొరలు విడదీశాను. సాగునీటి పొరలో మా చేను ఆకుపచ్చ. మట్టి పొరలో పసుపు. మురుగు పొరలో ఎరుపు. మా లెక్కలో, అన్నిట్లోకీ అధ్వానంగా ఉన్న పొర రంగే చేనుకి పడుతుంది. మూడింటినీ విడివిడిగా ట్రాన్స్‌పరెంట్ షీట్ల మీద, అడుగున పరవడానికి ఉపగ్రహం బొమ్మనీ ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను.

వాటిని చాప మీద పరుస్తుంటే, పాపకి ఉగ్గు తినిపిస్తున్న అత్తయ్యగారు తొంగిచూశారు. "ఏటమ్మా, పూతరేకులు చుడతన్నావా?"

మావయ్యగారు కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, షీట్లను మొత్తంగా తలకిందులు చేశారు.

"ఉత్తరం పైకి ఉండాలండి మావయ్యగారూ."

"ఉత్తరం ఎవరిక్కావాలమ్మా? నీళ్లొచ్చేది ఎగువ నుంచి. ఎగువ నావైపు ఉండాలి."

మా ఊళ్లో ఇళ్లకి గుర్తు చెప్పినా ఎగువ, దిగువ అనే చెబుతారు. అలా తిప్పాక నాకూ బొమ్మ కొత్తగా కనిపించింది. ఆఫీసులో నీలం గీతగా చూసిన మురుగు కాలువ ఇప్పుడు మా చేను పక్క నుంచి నడిచి వెళ్తున్నట్టుంది. చేను దాటాక, తూము దగ్గర నీలం పోయి పచ్చటి ముద్ద తేలింది.

"ఇదంతా గుర్రపుడెక్క కదండీ?"

"ఆయ్. దాని మీద నడిచెళ్లిపోవచ్చు."

"అయితే ఎరుపు మన నేలకి కాదండి, మురుగుకి. ఇది అడ్డుపడి నీరు దిగక ఉప్పు పైకి తేలుతోంది."

"అది తీయించేస్తే రంగు మారుద్దా?"

"మారొచ్చండి."

"మారుద్దా, మారొచ్చా?"

"మారొచ్చు అనే చెప్పగలనండి." ఆయన తూము దగ్గరి పచ్చ ముద్దని వేలితో రుద్ది చూశారు. అత్తయ్యగారి చేతిలో ఉగ్గు గిన్నె అలాగే ఆగిపోయింది.

శుక్రవారం వచ్చినవాళ్లకి మావయ్యగారు మజ్జిగ ఇప్పించి, "మా కోడలి మ్యాపు ఒప్పుకోలేదండి, ఏవనుకోకండి" అన్నారు ఎంతో మర్యాదగా. లోపల గదిలో నేను పాపనెత్తుకుని గోడకి ఆనుకున్నాను. ఇక పంట పోతే నామీదే. సాయంత్రానికి ఊరంతా ఆ మాట తిరిగింది. పాలు పోసే ఆవిడ కూడా, "ఏవండీ, మా చేను గురించేవన్నా అందాండీ మ్యాపు?" అని అడిగింది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మావయ్యగారు పక్క చేలవాళ్లని కలుపుకుని తూము దాకా గుర్రపుడెక్క తీయించారు. నీళ్లు వదిలాక, చేను నింపడం, మురుగులోకి తీసెయ్యడం, మళ్లీ నింపడం. ఊడ్పులకి ముందు అలా ఉప్పు కడిగారు. తొలి పంట సార్వా ఫర్వాలేదనిపించింది. ఎండలకి ఉప్పు పైకొచ్చే దాళ్వాదే అసలు పరీక్ష. సెలవు రోజుల్లో పాపని చంకనేసుకుని గట్టు మీదకెళ్లి, ఆకు కొసలు ఎర్రబారాయేమోనని వంగి వంగి చూసేదాన్ని.

"పిల్లనీ చేనునీ అన్నిసార్లు చూడకమ్మా, దిష్టి తగులుద్ది" అనేవారు మావయ్యగారు.

కోతల నాటికి చేను నిండుగా ఉంది, తూము వైపు మూల తప్ప. అక్కడ వెన్నులు తాలు పోయాయి. నాకు ఆ మూలే కనిపిస్తోంది. మావయ్యగారు వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"ఆ మూల ఇంకా పసుపేనమ్మా. అలాగే ఉంచెయ్ మీ మ్యాపులో. మిగతాదంతా పచ్చ వేసేసుకో."

అత్తయ్యగారు తోటలోంచి కొట్టిన బొండం పట్టుకొచ్చారు. మావయ్యగారు చెయ్యి చాచారు. ఆవిడ చూడనట్టే దాటివచ్చి నా చేతికిచ్చారు.