కసువు చిమ్మని మూల

మా చెల్లెలు పోయింది. శివరాత్రి ఇంకా రాలేదు. కానుగ ఆకు రాలడం మొదలైన వారం. బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతూ కుర్చీలో కూర్చుందట, మళ్ళీ లేవలేదు. పదిన్నరకు బడి అటెండరు వచ్చాడు. సైకిలుకు స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి, "పెద్దమ్మా, టీచరమ్మ..." అని ఆగిపోయాడు. ఆ మాట చాలింది.

ఆ పొద్దుకు ఏ ప్రత్యేకతా లేదు. అమ్మ ఇల్లూ నా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. పెళ్ళి వద్దని అమ్మ దగ్గరే ఉండిపోయిన మా చెల్లెలు ఇరవై ఏళ్ళుగా పొద్దుటి కాఫీ నా ఇంటిదే తాగేది. ఐదున్నరకు నేను దీపం పెట్టి లేచేసరికి గోడ అవతలి నుంచి గ్లాసు చాచింది.

"ఏందక్కా, కాఫీపొడి అంతా స్వామికే నైవేద్యం పెట్టేసినావా? నీళ్ళే కనపడతా ఉండాయి."

"తాగితే తాగు, లేకుంటే ఈడ బెట్టు."

తాగింది. కొళాయి దగ్గర నీళ్ళు పట్టింది. అమ్మకు తల దువ్వి జడ వేసింది. శివరాత్రి దగ్గరికొస్తోందని తన ఆదివారం తరగతి భూతద్దాలు నాలుగూ బయటికి తీసి తుడిచింది. ఒకదాని పిడి విరిగి ఉంటే దారం చుట్టి ముడి వేసింది. రేడియోలో వార్తలు మొదలయ్యేసరికి గొడుగు అందుకుని బయలుదేరింది. చివరగా నాతో అన్న మాట కూడా గొప్పదేం కాదు. "అక్కా, ఇడ్లీకి నానేసినావా?" నానవేశానన్నాను. అంతే.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మా చెల్లెలు మెత్తని మనిషి కాదు. నేను రోజూ దేవుడి ముందు కూర్చుని శాంతి అడుగుతాను. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం అడగలేదు. ఎందుకంటే, పదమూడేళ్ళు ఆమె కాపాడిన మూలను ఇప్పుడు ఆమె పేరు మీదే సిమెంటుతో కప్పాలని చూస్తున్నారు. అది చెప్పాలంటే ముందు ఆ మూల సంగతి చెప్పాలి.

తిరుపతిలో మా వీధి చివర ఒక తోట ఉంది. ఎవరో దాత ఊరికి వదిలిన స్థలం. బాగోగులు ఒక కమిటీ చూస్తుంది. ముందువైపు గన్నేరు, నందివర్ధనం, సిమెంటు బెంచీలు. వెనకవైపు గోడ వారన ఏడు కానుగ చెట్లు, ఒక వేప, ఒక రేల. ఆ చెట్ల కింద ఎవరూ కసువు చిమ్మకూడదు. అది మా చెల్లెలు పెట్టిన చట్టం. రాలిన ఆకు రాలిన చోటే ఉండాలి. అక్కడే కుళ్ళాలి. దాని కిందికి ఎవరెవరు కాపురానికొస్తారో చూడాలి.

చూడడానికే ఆమె తరగతి. శివరాత్రి వెళ్ళిన ఆదివారం నుంచి ఎండలు ముదిరేదాకా, ఎనిమిది ఆదివారాలు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు. ఏ బడి పిల్లలైనా రావచ్చు. వచ్చిన ప్రతి బిడ్డకూ మూరెడు నేల ఇచ్చేది. నాలుగు వైపులా నాలుగు గులకరాళ్ళు పెట్టుకుని, ఎనిమిది వారాలూ ఆ మూరెడునే చూడాలి. కనిపించింది నోటుబుక్కులో రాయాలి. "పేరు తరవాత. ముందు కాళ్ళెన్నుండాయో లెక్కబెట్టు" అనేది. ఒక పిల్ల రోకలిబండ పురుగు కాళ్ళు లెక్కపెట్టడానికి పూనుకుని రెండు ఆదివారాలు అదే పని మీద ఉండిపోయింది.

ఆ తరగతిలో ఒక మాట నిషేధం. "ఆడేమీ లేదు టీచర్, ఊరికే ఉండాది" అని ఎవరైనా అంటే మళ్ళీ కూర్చోబెట్టేది. "ఊరికే ఉండేది ఈ భూమ్మీద నువ్వొక్కడివే. సరిగ్గా సూడు."

ఆకులు తిరగేస్తూ గుంపుగా దిగే మట్టిరంగు పిట్టలుంటాయి. ఆరో ఏడో కలిసి తిరుగుతాయి. ఒకటి నోరు తెరిస్తే అన్నీ తెరుస్తాయి. పిల్లలు వాటికి 'కమిటీ' అని పేరు పెట్టారు. పెట్టింది తోట కమిటీ అధ్యక్షుడి మనవరాలే. ఆయన విని, "మాకన్నా అవే నయమబ్బా, కోరమన్నా ఉంటాది" అని నవ్వాడు. మంచి మనిషి. తరవాత మరిచిపోతానేమోనని ఆ మాట ఇప్పుడే చెబుతున్నాను.

పొద్దున్నే వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు పెడితే గాని ఇంట్లోకి లక్ష్మి రాదని నమ్మే ఊరు మాది. నేనూ నమ్ముతాను. అలాంటి ఊళ్ళో ఒక ఆడమనిషి పొరక ముట్టవద్దని తోటమాలితో పోట్లాడితే ఎవరు ఊరుకుంటారు? దోమలన్నారు, పురుగన్నారు. కమిటీ మీటింగుకు పిలిచి, "పామొస్తే ఎవరిదమ్మా పూచీ?" అని నిలదీశారు. "వస్తే నాకు కబురు పంపండి సార్, మూడేండ్లుగా కాసుకోనుండా, నాకింకా కనపళ్ళేదు" అని చెప్పి వచ్చేసింది.

కొళాయి దగ్గర ఆమెకు 'కసువమ్మ' అని పేరు పడింది. ఒకామె బిందె నింపుకుంటూ, మా చెల్లెలి చెవిన పడాలనే అంది: "గంగమ్మకు జాతర జేస్తిమి. కసువమ్మకు ఎప్పుడు జేద్దామే?"

మా చెల్లెలు తన బిందె కింద పెట్టింది. "ఉగాదికి జేద్దాం. పూనకం మాత్రం నీకే రావాల."

అన్నట్టే చేసింది. ఆ ఏడు ఉగాది పొద్దున వీధి వీధినంతా ఆ మూలకు పిలిచింది. వేప కింద పాత చీరలు పరిచి, రాలిన పూత పిల్లల చేత ఏరించి, అక్కడే పచ్చడి కలిపింది. మొదటి దొన్నె ఆ బిందె ఆమెకే ఇచ్చింది. అప్పటి నుంచి మా వీధికి ఉగాది అంటే ఆ మూలే.

ఆమె రెండో చట్టం నాకు తగిలింది. కింద పడింది మనది, కొమ్మ మీదది చెట్టుది. నేనేమో రోజూ పూజకు ఆ తోటలోనే గన్నేరు పూలు కోసుకునేదాన్ని. ఒక ఆదివారం ముప్పై మంది పిల్లల ముందు నా పూలసజ్జ పట్టుకుంది.

"ఎవర్నడిగి కోసినావక్కా?"

"స్వామికే గదా."

"స్వామి నిన్నడిగినాడా?"

పిల్లలు పకపక నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. తను గొంతు తగ్గించింది. "పారిజాతం నేల మీద పడిందైనా పెట్టచ్చునంటావే, దానికి ఒప్పుకున్నాయన గన్నేరుకు కాదంటాడా? అడిగి సూడు."

ఆ రోజు కోపంతో అడగలేదు. వారం తరవాత అడిగాను. దేవుడు కాదనలేదు. ఇన్నేళ్ళుగా నా పూజ రాలిన పూలతోనే. మా ఇంటికొచ్చే పంతులుగారు ఒకసారి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు.

ఇక నా తప్పు. అది నాలుగో ఏడు. ఉగాదికి ముందు శనివారం మా చెల్లెలు బడి పని మీద కార్వేటినగరం వెళ్ళింది. వీధి ఆడవాళ్ళం నలుగురం అనుకున్నాం: పండక్కి జనం వస్తారు, టీచరమ్మ ఒక్కతే ఎంతని చేస్తుంది, మనం కాస్త సాయం పడదాం. ఆమె చట్టం నాకు తెలియక కాదు. పండగ కదా, ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. నాలుగు పొరకలు తీసుకుపోయాం. ఆ మూలంతా చిమ్మాం. ఆకు కుప్ప చేసి తగలబెట్టాం. పేడనీళ్ళు చల్లాం. ఎనిమిది రేకుల తామర ముగ్గు నేనే వేశాను. పొరకకు తగిలిన గులకరాళ్ళు ముచ్చటగా ఉన్నాయని ముగ్గు చుట్టూ పేర్చాను. అవి ఏ రాళ్ళో నాకు తట్టనే లేదు.

మరునాడు పొద్దున తను పిల్లలతో వచ్చి ముగ్గు అంచున నిలబడింది. మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను. ముప్పై మంది పిల్లలు, ముప్పై మూరల నేల. ఒక్కటీ మిగల్లేదు. రోకలిబండ పిల్ల ఏడుపు అందుకుంది. "నా ఇల్లు పాయె టీచర్."

మా చెల్లెలు నన్ను తిట్టినా బాగుండేది. వంగి ఆ రాళ్ళన్నీ ఏరి పిల్లల చేతుల్లో పోసింది.

"ఎవరి మూరెడు యాడుండిందో అంచనాగా పోయి కూసోండి."

"ఏమీ లేదు గదా టీచర్" అన్నాడొక పిల్లవాడు.

"ఏమీ లేదని రాయి. లేనిది సూసేది గూడా సూపే. ఎవరు సేసినారో అది గూడా రాయి."

"ఎవరు టీచర్?"

"మా అక్క."

ముప్పై నోటుబుక్కుల్లోకి ఎక్కాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. గోడ మీద కాఫీ పెడితే తాగేది, గ్లాసు కడిగి అక్కడే పెట్టేది. నాలుగో రోజు ఆ గ్లాసులో నాలుగు గులకరాళ్ళు ఉన్నాయి. "ఈ ఆదివారం నువ్వు గూడా రా" అంది గోడ అవతలి నుంచి. "తగలబెట్టినోళ్ళే సూడాల, మళ్ళా ఎట్ల వస్తాదో."

నలభై దాటిన మనిషిని, పిల్లల మధ్య గొంతుక్కూర్చున్నాను. నా మూరెడులో వట్టి మట్టి, కాస్త ముగ్గుపిండి, ఒక చీమ. ఆ ఏడంతా అంతే. మరుసటి శివరాత్రికి ఆకు రాలి, వేలెడు మందం పేరుకున్నాక, దాని కింద ఏదో కదిలింది. నేను లోపల చెప్పుకుంటున్న నామం ఆగిపోయింది. ఆగిందని కూడా నాకు తెలియలేదు. ఆ సంగతి తనతో చెప్పాను. ఏదో పెద్ద మాట అంటుందనుకున్నాను. "కాళ్ళెన్ని?" అంది.

ఒక్క పూట చిమ్మితే తిరిగి రావడానికి ఏడాది పట్టిందని నాకు అట్లా తెలిసింది.

పదకొండో రోజు కార్యం జరిగిపోయింది. పద్నాలుగో రోజు పొద్దున కమిటీ అధ్యక్షుడు ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని వచ్చాడు. శ్రీకాళహస్తిలో ఉండే మా తమ్ముడూ మరదలూ ఇంకా మా దగ్గరే ఉన్నారు. అధ్యక్షుడు చుట్టిన కాగితం విప్పి మంచం మీద పరిచాడు. స్టేజీ బొమ్మ. రెండు పక్కలా మెట్లు, వెనక గోడ, గోడలో నల్లరాతి పలక, దాని మీద మా చెల్లెలి పేరు.

"ఉగాదికి టీచరమ్మ లేకపాయెనే పెద్దమ్మా. ఆమె పేరన్నా నిలబడాల. పిల్లోళ్ళు ఆటలాడను, పాటలు పాడను, శాశ్వతంగా ఉంటాది."

"యాడ కడతారు?" అన్నాను.

"ఆ వెనక మూలే. ఊరికే పడుండాది గదా."

ఆ మాట అని కళ్ళు తుడుచుకున్నాడు. దుర్బుద్ధి లేదు. అదే కష్టం. పగవాడైతే తలుపు వేసుకోవచ్చు. పండగలోగా అయిపోవాలట. రెండు రోజుల్లో ఇసుక తోలిస్తారట. ఇంటివాళ్ళు సమ్మతి అని ఒక ముక్క రాసిస్తే చాలట. రేపు చెబుతామని పంపాను.

సాయంత్రం దీపం పెట్టాక అమ్మ గదిలో కూర్చున్నాం. అమ్మ, నేను, తమ్ముడు, మరదలు.

"రాయి మీద చిన్నక్క పేరుంటే తప్పేంది?" అన్నాడు తమ్ముడు. "బతికినన్నాళ్ళూ కసువమ్మ అనిరి. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తా ఉండారు. మనమే వద్దనాలనా?" తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. వాడన్నది అన్యాయం కాదు. ఆ పేరు రాతి మీద చూసుకోవాలని నాకూ లేకపోలేదు.

"చిన్నొదినకు స్టేజీ అంటే ఎప్పుడన్నా ఇష్టముండిందా?" అంది మరదలు. "సన్మానం జేస్తామంటే ఆ పొద్దు ఊరే ఇడిసిపెట్టి మా ఇంటికొచ్చి పండుకునె."

తమ్ముడు ఏడుస్తూనే నవ్వాడు.

"నేను ఒక్క పూట చిమ్మితే ఏడాది పట్టింది రా" అన్నాను. "సిమెంటు పోస్తే ఎన్నేండ్లు పడతాదో నువ్వే లెక్క సెప్పు."

వాడు లేచి కాగితం, పెన్ను తెచ్చుకున్నాడు.

సమ్మతి ఇవ్వకూడదని ఆ సాయంత్రం నిర్ణయించాం. స్టేజీ వద్దు, పలక వద్దు. ఉత్తరం తమ్ముడి దస్తూరితో ఉండాలి, నలుగురం కింద పేర్లు పెట్టాలి, తీసుకుపోయి అధ్యక్షుడి చేతికిచ్చేది నేను. ఆయన మంచితనానికి దండం పెట్టి మరీ ఇవ్వాలి, కూర్చోమన్నా కూర్చోకూడదు. శివరాత్రి వెళ్ళిన ఆదివారం తరగతి జరగాలి. నాకు ఆమెకొచ్చిన దాంట్లో పదో వంతు కూడా రాదు. అయినా జరగాలి.

"మన మాట వినకుండా ఇసక తోలిస్తేనో?" అంది మరదలు.

అంతవరకూ గోడకానుకుని కళ్ళు మూసుకున్న అమ్మ కళ్ళు తెరిచింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, పద్నాలుగు రోజులుగా సరిగ్గా మాట్లాడని మనిషి.

"నా కుర్చీ తీసుకుబోయి ఆడ ఎయ్యండి. నేను కూసుంటా. బిడ్డను పోగొట్టుకున్న ముసిల్దాన్ని లేపి ఇసక పోసే మొగోడు ఈ ఊళ్ళో ఎవడుండాడో సూస్తా."

"ఎండమ్మా" అన్నాడు తమ్ముడు.

"గొడుగు పట్టు."

దాంతో చర్చ ముగిసింది. ఇసుక వచ్చేదాకా ఆగకుండా మరునాడు ఆరింటికే కుర్చీ తమ్ముడూ మరదలూ మోయాలని, అమ్మను నేను నడిపించుకుని పోవాలని, అక్కణ్ణుంచి ఉత్తరం తీసుకుని అధ్యక్షుడి ఇంటికి నేను పోవాలని తేల్చాం. గోడ వారన కాదు, చెట్ల నడుమ, ఇసుక లారీ వెనక్కి తిరగాల్సిన చోటే వేయాలన్నాం. కుర్చీని ఈడ్చకూడదని, కాళ్ళ కింద ఆకు నలగకుండా ఎత్తి మెల్లగా దించాలని అమ్మ రెండుసార్లు చెప్పింది.