ఎవరి ఎడమ?

పందెపు గుర్రానికీ జాకీకీ మధ్య మాటలకందని బంధమేదో ఉంటుందని స్టాండులో కూర్చుని చూసేవాళ్లు అంటుంటారు. ఈ జాకీకి ఆ ఉదయం గుర్రం ఏ కాలు నొచ్చిందో కూడా అంతుపట్టలేదు.

స్వారీ మానేసి చాలా ఏళ్లయినా అందరికీ అతను జాకీయే. పందెంలో గుర్రం మీంచి పడి తుంటి విరిగాక మామగారి గుర్రాలశాల చేతికొచ్చింది. శిక్షణ అతనిది, దాణా సంగతి భార్యది, కట్లూ మాలిషూ బావమరిదివి. శాల పరువు నిలిపే గుర్రం ఒక్కటే మిగిలింది, గోధుమరంగు ఆడగుర్రం. ఆ సాయంత్రమే దాని పందెం.

ముందురోజు దాని కాళ్లు తడిమి, ఎడమ ముందుకాలు వేడిగా ఉంది, నరం వాచినట్టుంది, ఐసు కట్టమని బావమరిదికి చెప్పాడు. తెల్లారి చూస్తే కట్టు కుడికాలికుంది.

"ఎడమన్నాను కదరా."

"ఎడమకే కట్టాను బావా. దాని మొహానికెదురుగా నిలబడితే ఇదే ఎడమ. నిన్న నువ్వూ ఇక్కడే కూర్చుని చెప్పావు."

చిక్కంతా ఇక్కడే. జీను మీద బతికినవాడికి గుర్రం ఎడమే తన ఎడమ. నేలమీదికొచ్చాక రెండూ కలగాపులగమయ్యాయి. నిన్న తానన్నది ఏ ఎడమో జాకీకే గుర్తురాలేదు.

ఇప్పుడు రెండు కాళ్లూ చల్లగానే ఉన్నాయి. వేడి ఉన్నది కట్టులేని కాలికైతే, దానంతటదే తగ్గిందన్నమాట, నిశ్చింతగా పరిగెత్తించవచ్చు. కట్టిన కాలికైతే ఆ చల్లదనం ఐసుది. పరిగెడితే నరం తెగి, గుర్రం జన్మలో పనికిరాదు. పరిగెత్తించకపోతే మాత్రం వేరే శాలకు తోలుకుపోతానని, దాన్ని శిక్షణకిచ్చిన యజమాని ముందే చెప్పి ఉన్నాడు.

నిన్నటిలాగే కూర్చోమంది భార్య. కూర్చున్నాడు. చెయ్యి ఒకసారి అటు, ఒకసారి ఇటు పోయింది.

"చెప్పులేసుకునేటప్పుడూ ఇంతేనా మీకు?" అంది.

చివరికి జీను వేయించి, బావమరిది భుజం పట్టుకుని ఎక్కాడు. నెమ్మదిగా ఆవరణ చుట్టూ నడిపించాడు. అడుగడుక్కీ ఒక పక్కకి ఒరుగుతున్నట్టనిపించింది.

"కుంటుతోంది" అన్నాడు.

"గుర్రమా, మీ తుంటా?"

"అదే తెలీడం లేదే."

కిందనుంచి చూసిన ఇద్దరికీ ఏమీ కనబడలేదు. ఈలోగా యజమాని ఫోను. పరిగెత్తించడం లేదన్నాడు జాకీ. ఏమైందంటే కాలన్నాడు. ఏ కాలంటే ముందుకాలన్నాడు. ఏ వైపని అడిగేసరికి ఫోను భార్య చేతికిచ్చేశాడు.

మధ్యాహ్నానికల్లా బండొచ్చి గుర్రాన్ని తీసుకుపోయింది. కొన్నాళ్లకు అది కొత్త శాల తరఫున పరిగెత్తి రెండోస్థానంలో వచ్చింది. దానికసలేమీ లేదని బావమరిది దెప్పాడు. విశ్రాంతి దొరికింది కనక బాగుపడిందని భార్య వాదించింది. జాకీ ఇద్దరికీ తలూపాడు. ఒకరి లెక్కన అతను గుర్రాన్ని చేజేతులా పోగొట్టుకున్నవాడు, ఇంకొకరి లెక్కన కాపాడినవాడు. తాను ఎవరో అతనికి పూటకోలా తోచేది.