వినడానికి ఒక మనిషి

ఆ రోజుల్లో విత్తనాల కంపెనీ పని మీద అనంతపురం నుంచి వచ్చి గోదావరి జిల్లాల్లో ఊరూరూ తిరిగేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మండపేటలో రామచంద్రపురం బస్సెక్కాను. ఒళ్లు హూనమైపోయి, సీట్లో కూలబడగానే కళ్లు మూతలు పడ్డాయి.

పక్కనున్న తెల్లగడ్డం పెద్దాయన నా మోచేయి తట్టారు. "కాసేపు నిద్ర ఆపుకోగలరాండి?"

విసుగ్గా చూశాను. ఆయన మదరసా హాస్టల్లో పిల్లలకు ఖురాను కంఠస్థం చేయించేవారట. వయసు మీదపడి, ఆ పని మానేసి కూతురింటికి వెళ్లిపోతున్నారు.

"మొత్తం నోటికొచ్చినా రోజూ ఎవరికో ఒకరికి అప్పజెప్పాలండి. లేకపోతే జారిపోద్ది. ఇన్నాళ్లూ పిల్లలు వినేవారు. ఇవాళ్టి భాగం మీరు వింటారేమోనని."

"నాకు అరబ్బీ ముక్క రాదు. మీరు తప్పు చదివినా నాకేం తెలుస్తుందండీ?"

"మీకు తెలియక్కర్లేదండి. ఒక్కణ్ణే చదువుకుంటే తప్పు చదివేసి ముందుకెళ్లిపోతున్నాను. ఎదురుగా మనిషి వింటుంటే నాకే తెలిసిపోద్ది."

బస్సు మోతలో ఆయన గొంతు సన్నగా సాగింది. ఒకచోట ఆగిపోయారు. నా ముఖంలోకే చూస్తూ కాస్త వెనక్కి వెళ్లి, ఆ మాటలు మళ్లీ అందుకుని దాటేశారు. ఆవులింత వస్తే పళ్లు బిగబట్టి మింగేశాను.

దిగేటప్పుడు అడిగాను, రేపట్నుంచి ఎవరు వింటారని.

"మా అమ్మాయి ఇల్లు బస్టాండు ఎదురుగానేనండి," అన్నారు. "బస్సు కోసం కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు."