తొడ చరిచే నాట్యం

1998లో నన్ను శింగనమల దగ్గరి ఒక హైస్కూలుకు వ్యాయామోపాధ్యాయుడిగా బదిలీ చేశారు. జనం భాషలో డ్రిల్లు మాస్టరు. ఆ బడికి పై ఊరు, కింద ఊరు అనే రెండు ఊళ్ల పిల్లలు వచ్చేవారు. ఊళ్ల మధ్య కక్షలుండేవి. పిల్లలు డ్రిల్లులో కూడా ఒకే వరుసలో నిలబడేవారు కాదు. వాళ్లను కలిపి నిలబెట్టాలని పట్టుబట్టాను.

శాఖా గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరసగా చదివేవాణ్ని. వాటిలో ఆస్ట్రియా కొండపల్లెల మగవాళ్ల నాట్యం ఒకటి, బొమ్మతో సహా కనిపించింది. పేరు షూప్లాట్లర్. తొడలు, మోకాళ్లు, బూట్ల అడుగులు లయగా చరుస్తూ ఎగురుతారు. సంగీతం మూడేసి దెబ్బల నడక; మా చెక్కభజనది నాలుగు. రెండు ఊళ్లకూ సమానంగా కొత్తది కాబట్టి వార్షికోత్సవానికి దాన్నే ఎంచుకున్నాను. వాళ్ల అకార్డియన్‌కు బదులు భజన మందిరం హార్మోనియం తెప్పించాను. ఊరికి నలుగురు చొప్పున రెండు వరుసలు ఎదురెదురుగా నిలబెట్టాను.

సాధన మొదలైన వారంలోనే పై ఊరి నారప్ప మైదానంలోకి వచ్చాడు. అతని కొడుకు ఆ బృందంలో ఉన్నాడు.

"ఏం సారూ, మావోని ముందర నిలబడి వాళ్లు తొడ కొడతాండారే! చూస్తా ఊరుకోవల్లనా?"

అది ఆస్ట్రియా నాట్యమని చెప్పాను.

"యాడిదైతే ఏమప్పా? కొట్టేది ఈడ కదా!"

మా సీమలో ఎదుటివాణ్ని చూస్తూ తొడ చరిస్తే, రమ్మని సవాలు చేసినట్టే. ప్రధానోపాధ్యాయులు ఆ అంశాన్ని రద్దు చేయమన్నారు. ఒక్క రోజు గడువు అడిగి, సాయంత్రం గ్రంథాలయంలో ఆ బొమ్మను మళ్లీ పరిశీలించాను. నాట్యకారులు వలయంగా, ఒకరి వెనుక ఒకరు తిరుగుతున్నారు. ఎవరికీ ఎవరూ ఎదురుగా లేరు. మర్నాడు పిల్లల్ని అలాగే, ఒక ఊరివాడి వెనుక ఇంకో ఊరివాడుగా నిలబెట్టి, నారప్పనూ, కింద ఊరి పెద్దమనిషి పెద్దన్ననూ పిలిపించి చూపించాను. ఇద్దరూ ఒప్పుకున్నాకే ప్రధానోపాధ్యాయులు అనుమతి ఇచ్చారు.

వార్షికోత్సవం రోజు వాళ్లిద్దరూ ముందు వరుసలో, మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. హార్మోనియం ఊపందుకుంది. నారప్ప చేయి తెలియకుండానే తన తొడమీద తాళం వేస్తోంది. పెద్దన్న అది గమనించాడు. వేదిక పక్కనున్న నేను వాళ్లవైపు రెండడుగులు వేశాను.

"ఏమప్పా నారప్పా, నన్నేనా?"

నారప్ప చేయి ఆగింది. "నిన్ను కాదులేబ్బా. ఆ హార్మోనీ పెట్టెను."

"అట్లయితే సరిగ్గా కొట్టు. తాళం తప్పుతాండావు."

నారప్ప మళ్లీ మొదలుపెట్టాడు.

ఊళ్ల కక్షలు దీంతో తీరలేదు. డ్రిల్లులో మాత్రం వరుస ఒకటైంది. ఆ తర్వాత ఏ ఆట నేర్పినా అడుగుల కంటే ముందు ఎవరు ఎవరికి ఎదురుగా నిలబడతారో చూసుకున్నాను.