తొమ్మిదిలో మూడో తరగతి లెక్కలు

కృత్రిమ మేధ ఢిల్లీలో మా బడికి అట్టపెట్టెల్లో వచ్చింది. టాబ్లెట్లు పంచిన కుర్రాడు, ఇక టీచర్లు గొంతు చించుకోనక్కర్లేదని నా మొహం మీదే అన్నాడు. ఆర్.కె. పురం నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వచ్చి లెక్కలు చెప్పే నాకు ఒళ్లు మండింది.

నా తొమ్మిదో తరగతిలో ఒక పాలమూరు పిల్ల ఉండేది. తల్లిదండ్రులు బిల్డింగు పనులకు ఢిల్లీ వచ్చినవాళ్లు. ఆ పిల్ల అప్పటికే ఒకసారి తప్పింది. మళ్లీ తప్పితే బడిలో పేరు కొట్టేస్తారు. ఇంటి నుంచే చదువుకొని పరీక్ష కట్టుకోమంటారు, అంటే తల్లితో పాటు ఇటుకలు మోయడమే.

టాబ్లెట్ ఒక ప్రశ్న అడిగేది. తప్పు చెబితే ఇంకాస్త సులువైనది అడిగేది. అలా దిగి దిగి, ఈ పిల్ల విషయంలో మూడో తరగతి భాగహారం దగ్గర ఆగింది. పరీక్షలు చలి తగ్గగానే ఉన్నాయి. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వుతావా అని ఆ టాబ్లెట్‌ను తిట్టాను. కానీ అది చెప్పింది నిజమే. పిల్లకు భాగహారం రాదు. రాకుండానే ఏటేటా అందరూ పైతరగతికి నెట్టుకొచ్చారు.

పిల్ల పొగమంచులో శాలువా కప్పుకుని వరండాలో కూర్చునేది. టాబ్లెట్ తెలుగులోనే చెప్పేది, ఎన్నిసార్లు తప్పినా విసుక్కోకుండా మళ్లీ చెప్పేది. నా వల్ల అయ్యే పని కాదది. ఒకరోజు పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, భాగారం సమజైంది! సచ్ మే!"

ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో మాత్రం కాదు, పరీక్షలు తరుముకొస్తున్నాయి.

భిన్నాలు వచ్చాయి, దశాంశాలు వచ్చాయి. ఒకసారి నేనే టాబ్లెట్‌ను తొమ్మిదో తరగతికి మార్చి చూశాను. పిల్ల అన్నీ తప్పు చేసి తల దించుకుంది. "టాబ్లెట్ లాక్కుని ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించు, గట్టెక్కుతుంది" అంది తోటి టీచరు. అందరం చేసేది అదే. జన్మలో మొదటిసారి నిజంగా నేర్చుకుంటున్న పిల్ల చేతిలోంచి ఎలా లాక్కోను? లాక్కోకపోతే ఎలా? దిక్కుతోచక ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరకు వెళ్లి, వచ్చినంత వరకు పరీక్ష పెట్టమని చేతులు పట్టుకున్నాను. "నియమం నియమమే, దీదీ" అందావిడ. ఇక దేవుడిదే భారమని ఊరుకున్నాను.

తొమ్మిదో తరగతి పేపర్లో భాగహారం అడగలేదు. పిల్ల తప్పింది.

టీసీ కాగితాల కోసం తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. సిమెంటు అంటిన చీరతోనే, పనిలోంచి నేరుగా.

"పిల్ల మంచిగ నేర్చుకుంటుంది అన్నరు గద మేడమ్. మరెట్ల ఫెయిలైంది?"

నేర్చుకుందనే మాట అబద్ధం కాదు, తప్పిందనేదీ అబద్ధం కాదు. ఆ రెండూ ఆ తల్లికి ఒకేసారి ఎలా చెప్పాలి?

కూతురు మాత్రం ఫలితం సంగతే ఎత్తలేదు. "మేడమ్, టాబ్లెట్ ఒక్కపారి ఇస్తరా? నిష్పత్తి సగంల ఆగింది" అంది.

పిల్ల పేరుతో తెరవబోతే తెరుచుకోలేదు. బడి జాబితాలోంచి తీసేశారు కదా. నా పేరుతో తెరిచి ఇచ్చాను. దానికి ఈ పిల్ల ఎవరో తెలియదు. కొత్త మనిషిని అడిగినట్టు కింద నుంచి మొదలుపెట్టింది. పిల్ల భాగహారం చేసింది. భిన్నాలు చేసింది. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడే, పెదాలు కదుపుతూ, ఒక్కొక్కటే పైకి ఎక్కుతోంది. నిష్పత్తి దగ్గరకు వచ్చింది.

"నడువ్, బిడ్డా. పనికాడికి బండి పోతది" అంది తల్లి.

"ఏక్ మినట్, అమ్మా."

ఆఖరి జవాబు నొక్కి, టాబ్లెట్ నా చేతిలో పెట్టి, తల్లి వెనకాల వెళ్లిపోయింది. తెర చూశాను. జవాబు సరిగ్గానే ఉంది.